గుర్రంపోడు

మా ఊరి పేరుల గుర్రం ఉంది,
ఊళ్లె లేదు.
ఎట్ల వచ్చిందో ఎవరినడిగినా
తలకాయ గోక్కుంటరు.

మా నాయన సుంకరి.
బందెలదొడ్డి తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పండుకునేటోడు.
చేన్ల పడ్డ గొడ్డు ఎవరిదైతేంది,
దొర కోడె అయినా తోలుకొస్త అనేటోడు.
దొర కోడె దొడ్డిల నిలబడంగ
నేనైతే ఎన్నడు చూడలేదు.

హాలియా బస్టాండుల మొన్న
సంస్కృతం పంతులు వేణుధర శర్మ
బస్సు రాక, తోచక, అశ్వమేధం చెప్పిండు.
ఏడాదిపాటు విడిచిపెడతారట.
ఎటు పోతే అటు, దాని ఇష్టం.
వెనుక నాలుగు వందల మంది కావలి,
రాజుల కొడుకులు, సారథుల కొడుకులు, ఇంకెవరెవరో.
నీళ్లలో దిగనివ్వరు,
ఆడగుర్రం దాపుకు పోనివ్వరు.
అది తొక్కిన నేలంతా రాజుది.
అక్కడ యాగశాలలో
పొద్దున ఒకడు వీణ మీటి రాజు చేసిన దానాలు పాడతాడు,
మాపటికి ఇంకొకడు గెలిచిన యుద్ధాలు.

"మరి మేత?" అన్న.

ఆయన కండ్లద్దాలు తీసి
పంచె కొంగుతో చానాసేపు తుడుచుకున్నడు.
దేవరకొండ బస్సు వచ్చింది.

ఎవ్వరు రాయలేదు గనుక
నేను అనుకుంట:

గుట్ట వాలుల కాల్చి కొట్టిన పోడు.
జొన్న పాలుపోసుకునే రోజులు.
మంచె మీద ఒక పిల్ల,
ఈదమ్మ అనుకుందాం,
ఒడిల పిట్టల కోసం ఏరుకున్న రాళ్లు, చేతిల వడిసెల.
మంచు విడిచేసరికి చేను నడుమ
ముందరి సగం నలుపు, వెనుక సగం తెలుపు,
రాత్రిని పగటిని కలిపి కుట్టినట్టు
ఏదో జంతువు.
కంకి వెనుక కంకి నములుతున్నది.
దానికి తొందరేం లేదు.

పిల్ల కేకేసింది.
గట్టు మీద నాలుగు వందల మంది లేచి నిలబడ్డరు.
వడిసెల గిరగిర తిరుగుతనే ఉంది.

రాయి వదిలిందో లేదో,
ఈడికొచ్చేసరికి ప్రతిసారి నేను ఆగిపోత.
వదిలిందంటే ఆమె బతికుండదు.
వదల్లేదంటే నాకు నిద్ర పట్టదు.

తర్వాతది పుస్తకంల ఉంది.
ఏడాది తిరిగినంక తోలుకపోయి
నెత్తురు చిందకుండ, బట్టతో ఊపిరి ఆపుతరట.
దాని పక్కన మహిషి పండుకోవాలె.
మహిషంటే మాకు బర్రె.
కాదు, పట్టపురాణి అట.
ఒక్క దుప్పటి కింద
చచ్చిన గుర్రం, బతికిన ఆడది.
ఆమెనూ ఎవరు అడిగి ఉండరు.

పుస్తకంల లేనిది ఇది:
కడుపు కోసి నిప్పుల వేసినప్పుడు
నేతి వాసన నడుమ, మంత్రం నడుమ,
టప్పుమని ఒకటి పేలింది.
ఇంకోటి.
అరగని జొన్నలు
తెల్లగ విచ్చుకొని
హోమగుండం అంచు మీద పడ్డయి.
ఋత్విజులు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు.
దీనికి ఏ ప్రాయశ్చిత్తం చెప్పాల్నో
పెద్దాయనకు కూడ యాదికి రాలేదు.
రాజు మాత్రం, ఆకలి మీదున్నడేమో,
వాసనకు తల తిప్పిండు.

నాయన పోయిననాడు మొలతాడు తెంపితే
తాళంచెవి నా చేతికొచ్చింది.
దొడ్డి కూలగొట్టి నీళ్లట్యాంకు కట్టిండ్రు.
దండుగల రిజిస్టరు మాత్రం మా అటక మీదనే ఉంది,
అట్ట ఎలుకలు కొట్టినయి.
బర్రెకింత, మేకకింత, గాడిదెకింత.
గుర్రానికి కూడ ఒక వరుస అచ్చేసి ఉంది.
ముప్పై ఏండ్ల పుటల్ల
ఆ గడి ఒక్కసారి నిండలేదు.

నిన్న రాత్రి కరెంటు పోతే దీపం పెట్టుకొని
పెన్సిలుతో రాసిన.
గుర్రం: ఒకటి.
మేసిన చేను: ఈదమ్మది.
విడిపించుకపోను ఎవరొచ్చిండ్రు అన్న కాడ
దీపం గాలికి ఊగింది.
చెయ్యి అడ్డం పెట్టి
ఇంకా రాలేదు అని రాసిన.